గోదాముల వీధిలో పేగు పరీక్ష

ఆ వేసవిలో నా పని హమాలీల మూత్రం కొలవడం. ఈ మాట చెప్పినప్పుడు మా అత్త జొన్నరొట్టె తట్టడం ఆపేసి నా మొహంలోకి చూసింది.

"నర్సు సదువు సదివింది దీనికేనా తల్లీ?" అంది.

నవ్వి ఊరుకున్నాను. ఎమ్మిగనూరులో పొద్దున్నే బస్సెక్కి, ఎండ ముదరకముందే ఆదోనిలో దిగేదాన్ని. పత్తి గోదాములు వరుసగా ఉన్న ఒక వీధిలో రేకుల గది ఒకటి అద్దెకు తీసుకున్నారు. లోపల మంచం, కుర్చీలు, ఇనుప స్టూలు, ఐసు పెట్టె, నా సామాను. బయట లారీలు, వేరుశనగ బస్తాలు, పత్తి మూటలు, వాటిని మోసే మగవాళ్లు. గాలిలో ఎప్పుడూ పత్తి నూగు తేలుతూ ఉండేది. మధ్యాహ్నానికల్లా కనురెప్పల మీద కూడా పేరుకునేది.

పరిశోధన చేసే డాక్టరమ్మ పట్నం నుంచి వచ్చింది. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పింది. మండుటెండలో బరువులు మోసేటప్పుడు ఒంట్లో రక్తమంతా కండలకూ చర్మానికీ పరుగెడుతుంది. పేగులకు తక్కువవుతుంది. అప్పుడు పేగు గోడ వదులై, లోపల ఆగిపోవలసినవి రక్తంలోకి జారిపోతాయి. మాది నేతపని చేసే ఇల్లు. నాకు వెంటనే పలచగా నేసిన బట్ట గుర్తొచ్చింది. ఆ మాటే అన్నాను. "అంతే, అదే. ఆ నేత ఎంత వదులైందో కొలవాలి మనం," అంది.

కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది. రెండు రకాల చక్కెరలు కలిపిన నీళ్లు తాగించాలి. ఒకటి చిన్న కణం, ఏ పేగులోంచైనా దూరిపోతుంది. ఇంకొకటి పెద్దది, గోడ వదులైతేనే దూరుతుంది. ఆ తర్వాత కొన్ని గంటలపాటు మనిషి పోసే మూత్రమంతా ఒక్క బొట్టు పోకుండా డబ్బాలో పట్టి, దాంట్లో ఏ చక్కెర ఎంత ఉందో చూడాలి. నమ్మదగిన పద్ధతే, కానీ మనిషికి పెద్ద తిప్పలు. కొత్త పద్ధతిలో ఆకుపచ్చ మెరుపున్న పసుపు రంగు నీళ్లు తాగిస్తారు. ఆ రంగు పేగు గోడ దాటి రక్తంలోకి వస్తే, చేతికి అంటించిన చిన్న పట్టీలోని నీలి వెలుగు దాన్ని చర్మం మీది నుంచే పసిగడుతుంది. డబ్బా అక్కర్లేదు, మూత్రం అక్కర్లేదు. కానీ ఆ కొత్తది నిజం చెబుతోందా లేదా తెలియాలంటే రెండూ ఒకే మనిషికి ఒకే రోజు చేసి పోల్చాలి. మా పని అదే.

పోల్చడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు అసలు తంటాలు. చెమటకు పట్టీ ఊడిపోయేది. ఊడకపోతే దాని కింద పత్తి నూగు చేరేది. ఎండకు మాడి నల్లబడిన చేతుల మీద వెలుగు సరిగ్గా దిగేది కాదు. "చల్లటి గదిలో కూర్చున్నవాళ్ల మీద తయారు చేసినారు దీన్ని," అని డాక్టరమ్మ విసుక్కునేది. ఊడినచోటల్లా బ్యాండేజీ చుట్టేదాన్ని. పట్టీ పనిచేస్తోందో లేదో చూడడానికి మా దగ్గర నీలి టార్చి ఒకటి ఉండేది. రంగునీళ్ల మీద దాన్ని వేస్తే నీళ్లు పచ్చగా వెలిగేవి. హమాలీలు వింతగా చూసేవాళ్లు.

ఆ వీధి హమాలీలకు మేస్త్రి ఒక ముసలాయన. ఆదోని పాతబస్తీ మనిషి. అందరూ చాచా అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. పరీక్షకు మనుషులను ఒప్పించింది ఆయనే. ముందు తానే రంగునీళ్లు తాగి, గడ్డం తుడుచుకుని, "షర్బత్ కంటే చప్పగుండాది, సచ్చిపోరులే తాగండి," అన్నాడు.

ఆ ముఠాలో హొళగుంద వైపు నుంచి వచ్చినవాడు ఒకడుండేవాడు. ముప్పై దాటని మనిషి, మాటల్లో సగం కన్నడం. అందరికీ అతను హొళగుందన్న. అతనికి జోడీగా బస్తాలు లేపేవాడు అతని భార్య తమ్ముడు. బస్తాను ఇద్దరు చెరోవైపు పట్టి లేపితేనే మూడోవాడి వీపు మీదికి ఎక్కుతుంది. ఇద్దరి లయ కుదరాలి. బావా బావమరుదులిద్దరూ ఏళ్ల తరబడి అట్లా కలిసి లేపినవాళ్లు. ఒకరు పరీక్షకు కూర్చుంటే ఇంకొకరికి జోడీ ఉండదు. ఎవరో కొత్తవాడితో లేపాలి. లయ తప్పితే నడుము పడుతుంది.

ఆ రోజు హొళగుందన్న వంతు. పొద్దున లారీ దింపి వచ్చాడు. చక్కెర నీళ్లు తాగాడు, రంగునీళ్లు తాగాడు. చేతికి పట్టీ వేశాను. ఒకసారి మూత్రం డబ్బాలో పట్టి తెచ్చి, సిగ్గుపడుతూ అటు తిరిగి నా చేతికిచ్చాడు. దాన్ని తలుపు పక్కన నీడలో పెట్టాను. అతను గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని, "ఇంత సేపు గమ్మున కూచుండేది మోసేదానికంటే కష్టం మేడమ్," అన్నాడు.

అప్పుడే బావమరిది వచ్చాడు. మెడ మీద గోనెపట్టా, చేతిలో బస్తాలు లాగే ఇనుప కొక్కెం. నడుము పట్టుకుని వంగి నడుస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగి లేడు. ఎండ అది.

"ఏమప్పా బావా, కుర్చీలో కూచున్నావు? నీ బదులు నా నడుము ఇరుగుతాంది ఆడ."

"ఈ పొద్దు నా వంతు రా. ఎల్లుండి నీ వంతు వస్తాది. నువ్వు గూడ కూచుందువులే."

"నేనా? ఆడోళ్ల ముందర డబ్బాలో పోసి సేతికియ్యాలనా? నీకు సిగ్గు లేకుంటే లేదు. ఊర్లో తెలిస్తే మా అక్క మొగం యాడ పెట్టుకుంటాది?"

లారీ దగ్గరున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. హొళగుందన్న మొహం బిగుసుకుంది. "సాకు రా, చాలింక, పో," అన్నాడు. బావమరిది పోలేదు. తలుపు పక్కనున్న డబ్బాను చూశాడు. కాలితో ఎగరగొట్టాడు. మూత పోయి, లోపలున్నదంతా హొళగుందన్న కాళ్ల మీద, పంచె మీద చిమ్మింది.

హొళగుందన్న లేవడం నేను చూడలేదు. పిడికిలి బావమరిది మూతి మీద పడిన చప్పుడు విన్నాను. పన్ను విరిగి నెత్తురు గడ్డం మీదికి కారింది. వెనక్కి పడబోయి నిలదొక్కుకుని అతను మీదికి దూకాడు. ఇద్దరూ కుర్చీ మీద పడ్డారు, కుర్చీ విరిగింది. మట్టిలో దొర్లారు. హొళగుందన్న పైకి వచ్చి బావమరిది తలను నేలకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. "ఇడ్సండప్పా!" అని ఎవరో అరుస్తున్నారు గానీ ఎవరూ దగ్గరికి రావడం లేదు. నేను హొళగుందన్న చొక్కా పట్టుకుని లాగాను. అతని మోచెయ్యి నా చెంపకు తగిలి గోడకు కొట్టుకున్నాను.

కళ్లు తెరిచేసరికి కింద ఉన్నవాడి చెయ్యి కొక్కేన్ని వెతికి పట్టుకుంది. కింది నుంచే బావ కడుపులోకి దించాడు. దించి ఊరుకోలేదు. బస్తాను లాగినట్టు లాగాడు.

ఆ చప్పుడు నేను రాయను.

హొళగుందన్న పక్కకు ఒరిగిపోయాడు. బావమరిది లేచి నిలబడి కొక్కేన్ని మళ్లీ ఎత్తాడు. గుమ్మంలో నా చేతికి అందింది ఇనుప స్టూలు. రెండు చేతులా ఎత్తి అతని నెత్తి మీద కొట్టాను. అతను మోకాళ్ల మీద కూలాడు. కొక్కెం జారిపోయింది. పోలీసులు తర్వాత నన్ను అడిగారు, ఇంకొంచెం మెల్లగా కొట్టి ఉండొచ్చు కదా అని. కొట్టేటప్పుడు అంత తూకం చూసుకోలేదని చెప్పాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

చున్నీని ఉండ చుట్టి గాయం మీద అదిమి పట్టుకున్నాను. దాని కింది నుంచి వెచ్చగా ఉబికి వస్తూనే ఉంది. డాక్టరమ్మ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. చాచా ఆటోకు అడ్డంగా నిలబడి దాన్ని ఆపాడు. హొళగుందన్న తల నా ఒడిలో ఉంది. "మేడమ్, పట్టీ ఊడిందేమో సూడు," అన్నాడు. ఆ తర్వాత కన్నడంలో వాళ్లమ్మను పిలిచాడు. ఆ తర్వాత మాట లేదు.

ఆసుపత్రిలో సర్జన్ మాటలు తక్కువ మనిషి. నేను నర్సునని తెలిసి, మనుషులు తక్కువగా ఉన్నారని లోపలికి రమ్మన్నాడు. కడుపు తెరిచేసరికి రక్తంతో పాటు పసుపు నీళ్లు వచ్చాయి. సర్జన్ చెయ్యి ఆగింది.

"ఏం తాగినాడు వీడు?"

చెప్పాను. రంగు, ఎంతసేపైంది, మా పరీక్ష ఏమిటి, అన్నీ.

అతను పేగును బారలు బారలుగా వేళ్ల మధ్య జరుపుతూ వెతికాడు. ఒక చీలిక దొరికింది. కాస్త పక్కనే ఇంకొకటి. రెండూ కుట్టాడు. ఉప్పునీళ్లతో అంతా కడిగాడు. గుడ్డతో తుడిచాడు. అయినా తృప్తి పడలేదు.

"ఆ నీలి టార్చి ఉందన్నావే. యాడుంది?"

అది నా తెల్లకోటు జేబులోనే ఉంది. శుభ్రమైన కవరులో పెట్టి ఇచ్చాం. "లైట్లు ఆపండి," అన్నాడు. గది చీకటైంది. టార్చి వెలుగులో పేగులు నల్లగా కనిపించాయి. వాటి వెనక, పేగును వీపుకు పట్టి ఉంచే పొర దగ్గర, ఒక సన్నటి పచ్చటి గీత ఊరుతోంది. తుడిస్తే పోయింది. మళ్లీ ఊరింది.

"ఇక్కడ దాక్కున్నావా," అన్నాడు సర్జన్. ఆ రోజు పనికి సంబంధం లేకుండా అతని నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. లైట్లు వేయించి మూడో చిల్లు కుట్టాడు. అది చిన్నదే, కానీ లోపలే వదిలేసి ఉంటే చీము పట్టి మనిషి పోయేవాడని తర్వాత డాక్టరమ్మతో అన్నాడు. ఆ రంగు లేకున్నా దొరికేదేమో, దొరక్కపోయేదేమో, ఆ మాట మాత్రం చెప్పలేనన్నాడు.

నేను బయటికి వచ్చి చేతులు కడుక్కుంటున్నాను. వరండాలో హమాలీలు గుంపుగా ఉన్నారు. హొళగుందన్న భార్య అప్పుడే వచ్చింది. తోటలో మిరపకాయలు కోస్తున్నదాన్ని పిలుచుకొచ్చారట, కొంగుకింకా మిరప ఘాటు ఉంది. వాళ్లాయనకు దెబ్బలు తగిలాయని మాత్రమే ఆమెకు చెప్పారు. అంతలో అతన్ని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. పక్కన వేలాడే మూత్రం సంచీలో పసుపుపచ్చగా, వెలుగుతున్నట్టు ఉంది నీరు. ఆమె దాన్ని చూసింది. తర్వాత నా కోటును చూసింది.

"ఏం తాపినావే మా ఆయప్పకి?" అంటూ నా జుట్టు పట్టుకుంది. గోడకు అదిమి మొహం మీద కొట్టింది. "ఇసం తాపినావు గదే! ఉచ్చ గూడ పచ్చగైపోయింది సూడు, ఇసం తాపినారు!" గోళ్లు నా మెడ మీద దిగాయి. ఆమె చేతులకున్న మిరప కారం గీతల్లోకి పోయి భగ్గుమంది. హమాలీల్లో ఒకడు "అవునప్పా, ఆ నీళ్లు తాగినంకనే" అన్నాడు. గుంపు కదిలింది. ఎవరో నా భుజం పట్టి లాగారు. ఎవడో వీపు మీద గుద్దాడు. కింద పడ్డాను. ఒక కాలు నా పక్కటెముకలకు తగిలింది.

చాచా గుంపును చీల్చుకుని వచ్చాడు. చేతికర్రతో అడ్డమొచ్చినవాడినల్లా కొట్టాడు. నా మీద ఉన్న ఆమె చెయ్యి పట్టి లేపాడు.

"ఇసం గాదు బేటీ. కడుపు సీల్చింది నీ తమ్ముడు. నా కండ్లతో సూసినా. ఈ పిల్లే అడ్డం పడింది."

ఆమె అతని మొహం చూసింది. నా మొహం చూసింది. "యాడుండాడు వాడు?" అంది, చాలా మెల్లగా.

ఆమె తమ్ముడు ఎక్కడికీ పోలేదు. నా దెబ్బకు తల పగిలి గోదాము వెనక కూర్చుని ఉంటే, తోటి హమాలీలు పట్టుకున్నారు. పోలీసులు వచ్చేలోపు కొక్కెం పట్టిన చెయ్యి విరగ్గొట్టారు. అదే ఆసుపత్రికి తెచ్చారు. తలకు కుట్లు, చేతికి సిమెంటు కట్టు, పక్కన కానిస్టేబులు. వరండాకు ఆ చివర బెంచీ మీద కూర్చోబెట్టారు.

మర్నాడు ఆ అక్కాతమ్ముళ్ల తల్లి ఊరి నుంచి వచ్చింది. ముందు కొడుకు దగ్గరికి పోయి ఏడ్చింది. తర్వాత కూతురి దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది.

"కేసు వద్దు తల్లీ. వానికి గూడ ఇద్దరు బిడ్డలుండారు. కోపంలో జరిగింది. నీ మొగుడు బతికినాడు గదా."

కూతురు చేతులు విడిపించుకుంది. లేచి, కాలి చెప్పు తీసుకుని, వరండా ఆ చివరికి నడిచింది. తమ్ముడు తలెత్తి "అక్కా" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే మొహం మీద చెప్పు పడింది. ఆమె ఆగలేదు. కుట్లు వేసిన తల మీద, విరిగిన చేతి మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. "సంకనెత్తుకుని మోసినాను గదరా నిన్ను!" అని మాత్రం అంటోంది. కట్టు తడిసి ఎర్రబడింది. కానిస్టేబులు ఆపబోయి ఒక దెబ్బ తానూ తిన్నాడు. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టనిచ్చాడు.

హొళగుందన్నకు తెలివి వచ్చాక పోలీసులు వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చారు. ఆసుపత్రిలో మనుషులు చాలక నేనే సెలైన్ మారుస్తున్నాను. అతను పైకప్పు చూస్తూ, "కాలు జారి కొక్కెం మీద పడినా సార్," అన్నాడు.

భార్య చేతిలో ఉన్న నీళ్ల సీసాను గోడకేసి కొట్టింది. "పడితే ఇంత పొడుగు సీలుతాదా? ఏంటికి అబద్ధం సెప్తాండావు? నా కోసమా? నా కోసమైతే నిజం సెప్పు. లేకుంటే నేనే సెప్తా."

ఆమే చెప్పింది. కళ్లారా చూడలేదు కాబట్టి ఆమె మాట చెల్లదన్నారు. అప్పుడు నేను చెప్పాను, చాచా చెప్పాడు. స్టూలు సంగతి కూడా దాచకుండా రాయించాను. కేసు ఇంకా నడుస్తోంది. బావమరిది బెయిలు మీద వచ్చి గోదాముల వీధికి ఒకసారి వచ్చాడు. చాచా అతనికి జోడీ ఇవ్వలేదు. బెంగుళూరు వైపు పనికి పోయాడని విన్నాను. వాయిదాలకు వచ్చినప్పుడు కోర్టు మెట్ల మీద నన్ను చూసి తల దించుకుంటాడు. విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంది.

మా పరీక్షలు కొన్నాళ్లు ఆగి మళ్లీ సాగాయి. పట్టీకి కొత్త జిగురు తెప్పించారు. నల్లటి చర్మం మీద వెలుగు ఎంత తగ్గుతుందో లెక్క కట్టి సరిచేసే పద్ధతి డాక్టరమ్మ రాసుకుంది. కొత్తదాని లెక్క చాలామందిలో పాతదానితో సరిపోతోందనీ, బాగా చెమట పట్టినవాళ్లలో మాత్రం ఇంకా నమ్మకూడదనీ ఆమె తేల్చింది. నాకు అంతవరకే అర్థమైంది.

చలికాలంలో హొళగుందన్న తన భార్యతో కలిసి మా గదికి వచ్చాడు. బాగా చిక్కాడు. బరువులు ఎత్తకూడదన్నారు కాబట్టి పత్తి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లు గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. ఆమె నా మెడ మీది మచ్చలను చూసి వేలితో తాకింది. టీ తెప్పించాను.

"నా లెక్క ఎంతొచ్చింది మేడమ్?" అన్నాడు అతను. "ఆ పొద్దు పరీక్షది. నా పేగు గట్టిదా, వదులుదా?"

డాక్టరమ్మ పక్కనే ఉంది. ఆమే చెప్పింది. డబ్బా ఒలికిపోయింది కాబట్టి పాత పద్ధతి లెక్క లేదు. పట్టీ ఆటోలోనే ఊడిపోయింది కాబట్టి కొత్తదీ లేదు. సగంలో ఆగిన పరీక్షలను పక్కన పెడతారు. అతనిదీ పక్కన పెట్టారు.

"పక్కన పెట్టినారా?"

"అవునన్నా. అది నియమం," అంది డాక్టరమ్మ.

"అయితే ఇప్పుడు మళ్లీ సెయ్యి. తాగుతా. కూచుంటా. డబ్బాలో గూడ పడతా."

"పేగుకు ఆపరేషనైనవాళ్లకు చెయ్యకూడదు. వచ్చే లెక్క వేరేగా ఉంటాది."

అతని మెడ నరాలు ఉబ్బాయి. లేచి నిలబడ్డాడు. చేతిలోని గ్లాసును నేలకేసి కొట్టాడు. టీ డాక్టరమ్మ చీర మీద చిందింది. "కడుపు సీల్చుకున్నా మీ పరీక్ష కాడ! ఇంత నెత్తురు కారితే ఒక అంకె గూడ రాదా నాకు? ఆ డబ్బా తన్నినోనికి కేసు నంబరన్నా ఉండాది!" రేకుల గోడ మీద పిడికిలితో గుద్దాడు, గది మొత్తం మోగింది. డాక్టరమ్మ కదలకుండా నిలబడింది. అతను కడుపు పట్టుకుని, రొప్పుతూ బయటికి పోయాడు.

నేను భయపడి వెనక పోబోయాను. కుట్లకు ఏమైనా అవుతుందేమోనని. అతని భార్య నా చెయ్యి పట్టి ఆపింది.

"పోనీలే మేడమ్. ఇన్ని నెలలు గోడకు మొగం పెట్టి పడుకున్నాడు. ఈ పొద్దే నోరు తెరిసి అరిసినాడు. అరవనీ."

చీపురు అడిగి తీసుకుంది. నేను వద్దంటున్నా వినకుండా గాజు పెంకులన్నీ ఊడ్చి, మడిచిన కాగితంలోకి ఎత్తి, భర్త వెనకే నడిచింది.